సున్నంలో తెల్లసొన

భిలాయి పవర్ హౌస్ బజారులో, కుళాయిలూ గొట్టాలూ అమ్మే దుకాణం మేడ మీద రెండు గదుల్లో ఇంద్రాణి టెస్టింగ్ ల్యాబ్ నడుపుతుంది. సిమెంటు దిమ్మలు పగలగొట్టి బలం చూడడం, బోరు నీళ్లలో ఉప్పెంతో చెప్పడం, ఇసుకలో మట్టి పాలెంతో తేల్చడం ఆమె పని. నలభై ఏడేళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్లకు, వచ్చిన సంబంధాలేవీ పరీక్షకు నిలవలేదని చెబుతుంది. భిలాయి కాంట్రాక్టర్లు ఎదురుగా మేడం అంటారు, వెనకాల ‘ఫెయిల్ దీదీ’ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కొంచెం గర్వపడుతుంది కూడా.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఖుర్సీపార్ కాంట్రాక్టరు సూర్యారావు ఆ మెట్లెక్కి వచ్చాడు. వెనకాల అతని మేస్త్రీ చినబాబు. చినబాబు చేతిలో స్టీలు డబ్బా, డబ్బాలో నాలుగు సున్నం పెళ్లలు.

శివనాథ్ నది ఒడ్డున సేమర్‌డీహ్ అనే ఊళ్లో పాత శివాలయం ఒకటుంది. ఇటుక గుడి. ఎనిమిది వందల ఏళ్లదని బోర్డు చెబుతుంది, వెయ్యేళ్లదని కమిటీ అంటుంది, వాట్సాప్‌లో అయితే పది వేలు దాటింది. దాని వెనక గోడ ఉబ్బి, రేపో మాపో కూలేలా ఉంది. మరమ్మతు సూర్యారావుకు వచ్చింది. పాత సున్నంలో ఏమేం కలిపారో పరీక్ష చేయించి, అవే కలిపి కట్టాలని పురావస్తు శాఖవారి షరతు.

“పెద్ద పనేటీ లేదు మేడం,” అన్నాడు సూర్యారావు కుర్చీలో కూర్చుంటూ. “ఇందులో మారేడు గుజ్జు, బెల్లం, మినపపిండి, కరక్కాయ నీళ్లు కలిపినారు. మీరు ఆ నాలుగు ముక్కలు రాసీసి సంతకం పెట్టీండి. సాలు.”

“అవన్నీ కలిపారని మీకెవరు చెప్పారు?”

“గురునాథరావుగారు.”

“ఆయనకెవరు చెప్పారు?”

“ఆయనకెవురు సెప్తారు మేడం? ఆయనే అందరికీ సెప్తారు.”

గురునాథరావు గుడి కమిటీకి అధ్యక్షుడు. ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరై, వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. భక్తి రిటైర్‌మెంటుతో పాటే వచ్చింది. కొలిమి దగ్గర కూలీల మీద అరిచిన గొంతుతోనే ఇప్పుడు శివుడి మీద స్తోత్రాలు చదువుతాడు. శివుడు ఇంతవరకూ ఎదురు చెప్పలేదు.

“పరీక్ష చేసి రాస్తాను,” అంది ఇంద్రాణి. “రాసి పరీక్ష చేయను.”

సూర్యారావు నిట్టూర్చి వెళ్లిపోయాడు.

ఆమె ఆ పెళ్లల్ని రోట్లో నూరింది. ఇలాంటి పరీక్ష ఆమె చేయడం అదే మొదటిసారి. పుస్తకాలు తిరగేసి, నాలుగు గాజు గొట్టాలు వరసగా పెట్టుకుంది. ఒకదాంట్లో అయోడిన్ చుక్క వేసింది. గంజి గానీ పిండి గానీ ఉంటే నీలం తిరగాలి. తిరగలేదు. అంటే మినుములు లేవు. రెండోదాన్ని చక్కెర కోసం మందు పోసి మరిగించింది. ఎరుపు రాలేదు. బెల్లం అసలు లేదో, ఉండి ఇన్ని వందల వానల్లో కరిగిపోయిందో ఎవరూ చెప్పలేరు. మూడోదాంట్లో కాస్టిక్ సోడా, మైలుతుత్తం వేసింది. సోడా వేయగానే నీళ్లు కాస్త ఎరుపెక్కాయి. ఇటుక పొడి అనుకుంది. ఆ తర్వాత చక్కటి వంగపండు రంగు వచ్చింది. మాంసకృత్తులున్నాయి!

పప్పుల్లోవి కావు, పప్పయితే పిండి కూడా ఉండేది. పాలా, తోలు జిగురా, గుడ్డా? గుడ్డు తెల్లసొనలో గంధకం ఉంటుంది. కుళ్లిన గుడ్డు కంపు అదే కదా. నాలుగో గొట్టంలో గంధకాన్ని పట్టే సీసపు మందు వేసి కాచింది. నల్లగా కాటుకలా తిరిగింది.

మర్నాడు సూర్యారావు వచ్చి రిపోర్టు చదువుకున్నాడు. మొదటి పేజీ రెండుసార్లు చదివాడు. రెండో పేజీలో ఏమైనా దిద్దుబాటు ఉంటుందేమోనని తిప్పి చూశాడు. అది ఖాళీగా ఉంది.

“గుడ్డా?”

“గుడ్డు తెల్లసొన అయ్యుండాలి. పరీక్షలు అటే చూపిస్తున్నాయి.”

“కోడిదేనా?”

“ఏ పిట్టదో ఈ పరీక్ష చెప్పదు.”

సూర్యారావు ముఖం కాస్త తేటపడింది. “అయితే నెమలి గుడ్డని రాసీండి మేడం. జాతీయ పక్షి. ఎవురూ నోరెత్తరు.”

“ఎనిమిది వందల ఏళ్ల కింద అది జాతీయ పక్షి కాదు.”

“మేడం, గుడిలోకి ఉల్లిపాయ తిని రావద్దని బోర్డు పెట్టినారాయన. ఇప్పుడు గోడంతా గుడ్డేనని నానెలా సెప్పను?”

చెప్పనక్కర్లేకపోయింది. రిపోర్టు ఫొటో సాయంత్రానికి కమిటీ గ్రూపులో ఉంది. ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. అక్కణ్నించి మిగతా గ్రూపులకు పాకింది. గురునాథరావు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. అందులో మొదటి నిమిషం దగ్గు, తర్వాతి మూడు నిమిషాలు ఇంద్రాణి. గుడిని ఆవు పంచితంతో కడిగించాడు. లోపల గుడ్డుంటే బయట కడిగి లాభమేమిటని ఎవరో అడిగితే గ్రూపులోంచి తీసేశాడు. నలుగురు కుర్రాళ్లు ల్యాబ్ మెట్ల కింద నిలబడి నినాదాలిచ్చారు. కింద దుకాణం వాడు షట్టరు సగం దించి, వాళ్లకే టీ తెప్పించి, ఇద్దరికి కుళాయిలు అమ్మాడు.

నినాదాలకు ఇంద్రాణి చలించలేదు. కూరగాయల మార్కెట్లో తనను చూసి ఇద్దరాడవాళ్లు “వొహీ అండేవాలీ”, ఆ గుడ్లావిడే, అని నవ్వుకున్నప్పుడు మాత్రం ముఖం వేడెక్కింది. వంకాయలు కొనకుండానే ఇంటికొచ్చింది.

ఇంట్లో ఆమె తల్లి వరమ్మ దిష్టి తీయడానికి సిద్ధంగా ఉంది. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్లికూతురుగా ఈ ఊరొచ్చి యాభై ఐదేళ్లయినా, ఆమె నమ్మకాల్లో ఒక్కటీ రైల్లో జారిపోలేదు.

“కూకో. ఊరందరి కళ్లూ నీమీదే ఉన్నాయి.”

“అమ్మా, నేను కెమిస్ట్రీ చదివాను.”

“సదివితే సదివినావు, కూకోమన్నాను.”

వరమ్మ పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, వేలి చివర సున్నం తీసి అందులో కలియబెట్టింది. పచ్చటి నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసిందే. అయినా ఇంద్రాణి చటుక్కున లేచి నిలబడింది. తల్లి చేతిలో పళ్లెం తొణికింది.

“ఏటే, దయ్యం పట్టిందేటి?”

“ఇటుక పొడి కాదమ్మా. పసుపు!”

మూడో గొట్టంలో సోడా వేయగానే వచ్చిన ఎరుపు ఆమె కళ్ల ముందుంది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని నాలుగో క్లాసు పిల్లలకు కూడా తెలుసు. గుడి గోడలో పసుపెక్కడిది? దిష్టి సగంలో వదిలి, స్కూటీ తీసి, ఖుర్సీపార్ సందుల్లో పడి చినబాబు ఇంటికి వెళ్లింది. అతను గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

“చినబాబూ, ఆ పెళ్లలు తెచ్చిన డబ్బా ఎవరిది?”

“నాదే మేడం.”

“వాటికి ముందు అందులో ఏముంది?”

“ఏటుంటాది, కూర.”

“ఏం కూర?”

చినబాబు చేతిలో బ్లేడు ఆగింది. సగం గడ్డం నురుగుతో ఆమె వైపు చూశాడు. “కోడిగుడ్డు పులుసు. కానీ కడిగినాను మేడం! నదిలోన ఇసకేసి తోమినాను!”

ఇంద్రాణి అక్కడే అరుగు మీద కూలబడింది. తప్పు చినబాబుది కాదు. మేస్త్రీకేం తెలుసు? డబ్బా ఏ డబ్బా అని అడగాల్సింది తను. పరీక్షతో పాటు ఖాళీ డబ్బా కడిగిన నీళ్లు కూడా పరీక్షించాల్సింది తను. ఇరవై రెండేళ్లు ఊళ్లో వాళ్ల సిమెంటును ఫెయిల్ చేసి, ఇవాళ ఒక గుడ్డు పులుసు చేతిలో తను ఫెయిలైంది.

చినబాబు భార్య లోపల్నించి టీ తెచ్చి ఇచ్చింది. “ఆ పులుసు బావుంటాది మేడం,” అన్నాడు చినబాబు, ఏదో ఒకటి ఓదార్పుగా అనాలని.

మర్నాడు ఆమె కమిటీ ముందు నిలబడి తన రిపోర్టు తప్పని చెప్పింది. కారణం కూడా దాచలేదు. చినబాబు పేరు మాత్రం చెప్పలేదు, ‘శుభ్రం లేని డబ్బా’ అంది. గురునాథరావు మొదట నమ్మలేదు. నమ్మాక ఆనందం పట్టలేకపోయాడు. ఎవరినో పరుగెత్తించి శాలువా తెప్పించాడు. తప్పు చేసినందుకు శాలువా కప్పించుకున్న కెమిస్టు దేశంలో తనొక్కతే అయి ఉంటుందని ఇంద్రాణికి అనిపించింది.

“ఇప్పుడు గుడ్డు లేదని రాసియ్యమ్మా,” అన్నాడు గురునాథరావు.

“అదెలా రాస్తాను బాబాయ్?” గురునాథరావు, ఆమె తండ్రి ఒకప్పుడు ఒకే షిఫ్టు. “ఉందన్నది తప్పయింది. లేదన్నది ఇంకా తెలీదు. మళ్లీ తీసి చూడాలి.”

“మళ్లీనా?”

“ఈసారి మీ అందరి ఎదుట. మీకే అనుమానం ఉండకూడదు కదా.”

గెలిచిన మనిషి కాబట్టి ఆయన ఉదారంగా ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున కమిటీ అంతా వెనక గోడ దగ్గర చేరింది. ఇంద్రాణి గాజు సీసాలు మరిగించి, మూతలకు కాగితం చుట్టి తెచ్చింది. చేతులకు తొడుగులు. ఎక్కడ తవ్వాలో గుడి పూజారి చూపించాడు. ఆయన ఆ ఊరివాడే, ఎనభై దగ్గరపడ్డ ముసలాయన, పళ్లు లేవు గానీ నవ్వుంది. గోడలో అడుగు లోతున, గబ్బిలం కూడా చూడని చోట, చినబాబు కొత్త ఉలితో సున్నం తీశాడు. ఆ వేళ అతను అన్నం తెచ్చుకోలేదు, ఉపవాసమున్నాడు. ఎవరూ ఉండమనలేదు. ఒక సీసా ఖాళీగానే మూత వేయించింది, అది కూడా పరీక్షిస్తానని చెప్పింది. సీసాలన్నిటి మీదా గురునాథరావు సంతకం పెట్టాడు. సగం సున్నాన్ని ఆమె రాయ్‌పూర్‌లో పెద్ద మెషీన్లున్న చోటికి పంపింది.

తన గదిలో తను చేసిన పరీక్ష ఆమెకు మంగళవారమే జవాబు చెప్పింది. ఖాళీ సీసా కడిగిన నీళ్లు తేటగా ఉండిపోయాయి. సోడా వేస్తే ఎరుపు రాలేదు. అయోడిన్‌కు నీలం రాలేదు. మూడో గొట్టంలో వంగపండు రంగు వచ్చింది, పల్చగా, సిగ్గుపడుతున్నట్టు. నాలుగోది నల్లబడింది.

ఆమె రెండోసారి చేసింది. మూడోసారి చేసింది. మూడోసారి చేశాక గట్టిగా నవ్వింది, కుళాయిల దుకాణం వాడు పైకొచ్చి ఏమైందని అడిగేంత గట్టిగా.

మూడు వారాలకు రాయ్‌పూర్ కాగితం వచ్చింది. అందులోనూ అదే మాట, గోడలో గుడ్డుందని. చినబాబు పులుసు నిర్దోషి కాదు, కానీ ఒంటరిది కూడా కాదు.

మీటింగుకు ముందే ఆమె గురునాథరావుకు ఫోన్ చేసింది. నలుగురిలో వినడం కంటే ఒంటరిగా వినడం ఆయనకు మేలనిపించింది. ఆయన ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. కాగితం చదివి, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. అరుస్తాడనుకుంది ఇంద్రాణి. అరవలేదు.

“నీకు తెలుసా,” అన్నాడు, “ప్లాంటు క్యాంటీన్‌లో రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు తినేవాణ్ని. ముప్పై ఆరేళ్లు. మీ నాన్న తనది కూడా నాకే ఇచ్చీవాడు, గేస్ అని.”

“మానేశారు కదా బాబాయ్.”

“మానీసినోడికే కోపమెక్కువమ్మా. తినీవోడికి కోపమెందుకు?” ఆయన కాగితం మడిచాడు. “మరి మినపపిండి ఏ కోశానా లేదా?”

“లేదు.”

“నేను అందరికీ చెప్పీసినాను. మా మనవడి స్కూల్లో కూడా లెక్చరిచ్చాను.”

ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఫోర్‌మన్ గొంతులా లేదు. ఇంద్రాణికి ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది. కమిటీ ముందు తను నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. “నేను తప్పు చెప్పి శాలువా కప్పించుకోలేదా?” అంది. “ఆ శాలువా ఇంట్లోనే ఉంది. కావాలంటే మీకు తెచ్చిస్తాను.”

ఆయన ఆమె వైపు ఉరిమి చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు.

అయినా మీటింగు అంత సులువుగా సాగలేదు. కాగితం చదవగానే నలుగురు లేచారు. గుడి మూసేయాలని ఒకడు, గోడ పడగొట్టి సిమెంటుతో కట్టాలని ఒకడు, గుడ్డుకు బదులు పనీర్ వేస్తే శాఖవాళ్లకు తెలుస్తుందా అని ఒకడు. గురునాథరావు బల్ల గుద్దుతూనే ఉన్నాడు. మూల కూర్చున్న పూజారి అంతవరకూ చెవి దగ్గర చేయి పెట్టుకుని వింటున్నాడు. గొడవ దేని గురించో ఆయనకు అప్పుడే అర్థమైనట్టుంది. లేచి, పళ్లు లేని నోటితో హిందీలో నిదానంగా అన్నాడు.

“ముర్గీ నే దియా. భగవాన్ నే లియా. బీచ్ మే ఆప్ లోగ్ కౌన్?”

ఇచ్చింది కోడి, పుచ్చుకున్నది దేవుడు, మధ్యలో మీరెవరు? జవాబు కోసం ఆయన ఆగలేదు, హారతి వేళైందని వెళ్లిపోయాడు.

“విన్నారు కదా,” అన్నాడు గురునాథరావు. గొంతు మళ్లీ కొలిమి దగ్గరికి వచ్చేసింది. “పాతవాళ్లు ఏది కలిపితే మనమూ అదే కలుపుతాం. ఎనిమిది వందల ఏళ్లు నిలబడ్డ గోడకి మనమేటి సెప్పీది? ఎవడికైనా అబ్యంతరముంటే రేపు పొద్దున ఆరింటికి వచ్చి ఇటుకలు మొయ్యండి. మోసినోడి మాట వింటాను.”

ఆరింటికి ఎవరూ రాలేదు.

పని ఏప్రిల్‌లో మొదలైంది. గుడ్డు కలిపి సున్నం కట్టడం ఎలాగో సూర్యారావుకు గానీ చినబాబుకు గానీ తెలియదు. రెండు రోజులు ప్రయత్నించారు. మొదటి రోజు సున్నం వేడికి సొన ఉడికి అట్టు కట్టింది. రెండో రోజు పచ్చసొన కూడా కలిసిపోయి గోడ పసుపుపచ్చగా తయారైంది. మూడో రోజు ఇంద్రాణి తల్లిని స్కూటీ మీద కూర్చోబెట్టుకుని సేమర్‌డీహ్ తీసుకెళ్లింది. వరమ్మ తండ్రి బొబ్బిలి దగ్గర పెద్ద ఇళ్లకు గచ్చు పని చేసేవాడు. ఆ సంగతి కూతురికి ఆ పొద్దున్నే చెప్పింది.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమే?”

“నువ్వడిగినావేటి? గొట్టాల్నడిగినావు.”

వరమ్మ తాటాకు చాప మీద కూర్చుంది. మేస్త్రీలను చుట్టూ పిలిచింది. సున్నం నానబెట్టి పది రోజులు వదిలెయ్యాలి, పొగరు చచ్చాక మెత్తగా నూరాలి, చల్లబడ్డాకే సొన పొయ్యాలి, అదీ నురుగు వచ్చేలా గిలక్కొట్టి. ఆ పది రోజులూ గడిచాక మళ్లీ వచ్చి, తనే గుడ్డును గిన్నె అంచుకు తట్టి, రెండు పెంకుల మధ్య పచ్చసొనను అటూ ఇటూ దొర్లిస్తే తెల్లసొన దారంలా కిందికి జారేది. గంటకు రెండు వందల గుడ్లు. ఒక్క పచ్చసొన చిట్లలేదు. ఇద్దరు కమిటీ సభ్యులు దూరం నుంచి చూస్తూ నిలబడ్డారు. మధ్యాహ్నానికి వాళ్లలో ఒకడు చొక్కా చేతులు మడిచి సున్నం నూరుతున్నాడు.

జూన్ రెండో వారానికి గోడ లేచింది. వానలు ముంచెత్తాయి, శివనాథ్ పొంగింది, గోడ మీద గీత కూడా పడలేదు. బోర్డు మీద ఏం రాయాలనే దాని మీద మాత్రం కమిటీ ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ‘ప్రాచీన సహజ జిగురు’ దగ్గర ఆగింది. ఇంద్రాణి ఒప్పుకోలేదు. తన రిపోర్టు కాపీ పూజారికిచ్చింది. ఆయనకు చదవడం రాదు గానీ, గర్భగుడి తలుపు పక్కన గోడకు అంటించాడు. అడిగిన వాళ్లకు వేలు పెట్టి చూపిస్తాడు.

పని జరిగిన రెండు నెలలూ పచ్చసొనలు మిగిలిపోతూనే ఉన్నాయి. గోడకు తెల్లసొన, కూలీలకు పచ్చసొన. పొద్దున పచ్చసొన వేపుడు, మధ్యాహ్నం పచ్చసొన పులుసు, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లడానికి గిన్నెడు. మొదటి వారం పండగ. నాలుగో వారానికి ఊళ్లో కుక్కలు కూడా వాసన చూసి పక్కకు తప్పుకునేవి.

చివరి రోజు ఇంద్రాణి గోడ చూడ్డానికి వెళ్లింది. సున్నం మోసే మిథిలేశ్వరి అనే ఆమె తట్ట దించి, నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురొచ్చింది.

“దీదీ, ఆప్ హీ నే గుడ్డు కనిపెట్టారట కదా?” అంది సగం హిందీలో, చినబాబు దగ్గర నేర్చుకున్న సగం తెలుగులో.

“నేనే.”

“ఈసారి నెయ్యి పోసి కట్టిన గుడి వెతకండి దీదీ. మేమంతా వస్తాం.”

ఇంద్రాణి సంచీలోంచి చిన్న డైరీ తీసి, ఆమె ఫోన్ నంబరు రాసుకుంది.